పటాన్ని గోడకు తిప్పాక దీపం ఎట్లా పెట్టాలి

మాది రామన్నపేట దిక్కు ఒక ఊరు. ఇంటి ముందు రేకుల షెడ్డులో పిండి గిర్ని. 2021 మే దాకా దాన్ని మా ఆయన నడిపాడు, ఆయన పోయాక నేను నడుపుతున్నాను. గిర్ని తిరుగుతున్నంతసేపు ఎవరి మాటా వినపడదు. అందుకే ఆపిన రెండు నిమిషాల్లోనే ఆడవాళ్లు అసలు సంగతి అడిగేస్తారు. "అక్కా, నువ్వెట్ల తట్టుకున్నవ్? నాకైతే దేవుని మొఖం చూడబుద్ధి అయితలేదు." ఈమధ్య ఇద్దరు ముగ్గురికి విడివిడిగా చెప్పిందే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. నేను పూజలు బాగా తెలిసినదాన్నేం కాదు. విష్ణు సహస్రనామం సగం దాకా నోటికి వచ్చు, మిగతా సగం ఫోన్‌లో పెట్టుకుని వెంట పెదాలు కదుపుతాను.

మనసుకు ధైర్యంగా అనిపిస్తేనే నమ్మకం ఉన్నట్టు అనుకుంటే నేను ఆ పరీక్ష ఎప్పుడో తప్పాను. చేతులకు ఒక చిన్న పని అప్పజెప్పి, మనసు సంగతి తర్వాత చూసుకున్నాను. నాకు పనికొచ్చింది అదే.

మైల రోజుల్లో

దేవుడి జోలికి పోకండి. మన ఆచారంలోనే ఆ వెసులుబాటు ఉంది. పదకొండు రోజులు దీపం పెట్టొద్దు, గుడికి పోవద్దు అంటారు కదా. చిన్నప్పటి నుంచి అది శిక్ష అనుకున్నాను. నా దాకా వచ్చాక తెలిసింది, అది సెలవు. దేవుడు ఉన్నాడా లేడా అని ఆ రోజుల్లో ఎవరూ తేల్చుకోనక్కర్లేదు. తినండి, పండండి, ఏడుపొస్తే ఏడవండి. బీపీ గోలీలు వేసుకునేవాళ్లు అవి మాత్రం మర్చిపోవద్దు. నేను మర్చిపోయి ఏడో రోజు కళ్లు తిరిగి పడ్డాను.

మాకు ఆ పదకొండు రోజులు కూడా సరిగ్గా జరగలేదు. కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం అది, మే 12 నుంచి రాష్ట్రమంతా లాక్‌డౌన్. ఆయన దవాఖానలోనే పోయాడు. మూడోనాడు పిట్టకు పెట్టడానికి మా కొడుకు, మా మరిది ఇద్దరే పోయారు. "అన్నీ తూతూమంత్రంగా చేసిండ్రు, ఆయన ఆత్మ ఎక్కడ తిరుగుతుందో" అని ఫోన్‌లో అన్నవాళ్లూ ఉన్నారు. మీకూ అట్లాంటి వెలితి ఉంటే మీ అయ్యగారిని ఒక్కమాట అడగండి. మా అయ్యగారు దాన్ని చాలా తేలిక చేశాడు: "సంవత్సరీకం మంచిగ చేద్దాం తీయమ్మా, దానికి ఎవ్వలూ అడ్డం రారు." ఆ మాట పట్టుకునే ఏడాది గడిపాను. 2022లో అందరం వాడపల్లి పోయాం. దామరచర్ల దాటాక మూసీ పోయి కృష్ణలో కలిసే చోటు అది. కొడుకు నీళ్లలో దిగి పిండాలు వదిలాడు. ఈసారి ఇరవై ఆరుగురం ఉన్నాం, లెక్కపెట్టాను.

ఒక్క దీపం

మైల పోయాక ఇల్లు కడిగి, ఒక్కసారే పెద్ద పూజలు మొదలుపెట్టకండి. మూడు రోజుల్లో అలసిపోతారు, పైగా "నా వల్ల కాదు" అని ఇంకో బాధ. ఒక్క దీపం చాలు. రోజూ ఎట్లాగూ తప్పని పని ఏదో చూసి, దీపాన్ని దాని ముందు కట్టేయండి. పాల ప్యాకెట్ తేవడం, పిల్లల టిఫిన్ డబ్బా, ఏదైనా సరే. నాకు గిర్ని స్విచ్. దీపం పెట్టకుండా స్విచ్ వేయను. పొద్దున ఏడింటికి ఎవరో ఒకరు జొన్నల గంప పట్టుకుని నిలబడతారు, వాళ్ల కోసమైనా పెట్టాలి కదా. మొదటి ఏడాది నేను దేవుడి కోసం దీపం పెట్టిన రోజులు తక్కువ, జొన్నల కోసం పెట్టిన రోజులే ఎక్కువ.

నువ్వుల నూనె, రెండు వత్తులు కలిపి పేనినది ఒకటి. వత్తి కొసకు కాస్త కర్పూరం పొడి రాస్తే వెంటనే అంటుకుంటుంది, చేతులు వణికేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. గిర్ని తిరగ్గానే ఆ గాలికి నా దీపం రెపరెపలాడి ఆరిపోయేది. దీపం ఆరితే అపశకునం అంటారు, ఇంట్లో ఇంకెవరికి ఏమవుతుందో అని ఒకటే టెన్షన్. కొన్ని నెలలు అట్లా దడదడలాడాక, ఖాళీ నూనె డబ్బాను నిలువునా కోసి దీపం ముందు అడ్డం పెట్టాను. అపశకునం పోయింది.

వాడపల్లిలో సంగమం దగ్గరే లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. గర్భగుడిలో రెండు దీపాలు. స్వామి మొహం ఎత్తున ఉన్నది కదులుతూ ఉంటుంది, కింద ఉన్నది నిలకడగా ఉంటుంది. పైదానికి తగిలేది స్వామి ఊపిరి అంటారు. దర్శనం చేసుకుని బయటికి వచ్చాక మా కొడుకు మెల్లగా, "అమ్మా, మన దీపానికి తగిలేది గిర్ని ఊపిరి" అన్నాడు. వాళ్ల నాయిన సంవత్సరీకం రోజున నవ్వానని మా యారాలు ఇప్పటికీ అంటుంది.

కోపం వస్తే

రెండో నెలలో ఒక పొద్దున నరసింహస్వామి పటాన్ని గోడకు తిప్పేశాను. పెండ్లయిన కొత్తలో ఇద్దరం యాదగిరిగుట్ట పోయినప్పుడు గుట్ట కింద దుకాణంలో కొన్న పటం. తిప్పితే వెనక అట్ట మీద ఆయన రాత. పెన్సిల్‌తో గిర్ని బెల్టు నంబర్, "పట్టా బి 72 - రెండు" అని, దాని కింద పట్టా మార్చిన తారీఖులు వరసగా. ఆయనకు చీటీలు పోగొట్టుకునే అలవాటు, అందుకని పోని చోట రాసుకున్నాడు. ముప్పై ఏండ్లు ఆ పటానికి బొట్టు పెట్టాను, వెనక ఇది ఉన్నట్టు నాకు తెలియదు.

వారం తిరక్కుండా పట్టా తెగింది. దుకాణంలో నంబర్ అడిగితే గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఇది మహిమ అని చెప్పడం లేదు. నంబర్ పట్టా మీదే ఉంటుంది, అరిగినా కాస్త గీరితే కనపడుతుంది. పటం మాత్రం పది నెలలు అట్లాగే ఉంది. రోజూ దీపం పెట్టాను, అట్ట వైపే. ఆ పది నెలలు నేను దండం పెట్టింది దేవుడికో, ఆయన రాతకో నన్ను అడగొద్దు. సంవత్సరీకం ముందు సున్నం వేయిస్తే, సున్నం వేసే పిల్లగాడు అన్నీ తుడిచి తగిలిస్తూ పటాన్ని మామూలుగా పెట్టిపోయాడు. నేనేమీ అనలేదు.

కాబట్టి తిట్టాలనిపిస్తే తిట్టండి. గోల్కొండ జైల్లో రామదాసు ఏ నగకు ఎంత పెట్టాడో లెక్కచెప్పి మరీ రాముణ్ణి నిలదీశాడు, మనం దాన్ని భక్తి అనే అంటున్నాం. ఒక్క జాగ్రత్త, పిల్లల ముందు వద్దు, వాళ్లు భయపడతారు. ఒంటరిగా, గొంతెత్తి, మామూలు మాటల్లో అడగండి. నేను గిర్ని తిరుగుతుండగా అడిగేదాన్ని. మిరపకాయలు పట్టే రోజైతే మరీ సులువు, కండ్ల నీళ్లకు ఎవరూ కారణం అడగరు.

మొక్కులు, డబ్బులు

మా పెద్దబిడ్డ పెండ్లి 2017లో అయింది. ఇంకా పిల్లలు లేరు. మనవడో మనవరాలో పుడితే గుట్ట మీద పుట్టువెంట్రుకలు తీయిస్తానని ఆయన మొక్కుకున్నాడు. ఆయన పోయాక చుట్టాల్లో ఒకామె, "మొక్కు చెల్లించలే, అందుకే ఇట్లయింది" అంది. పుట్టాక కదా చెల్లించేది? పుట్టనే లేదు. ఈ లెక్క నాకు అందడానికే నాలుగు రాత్రులు పట్టింది, దుఃఖంలో ఉన్న మనిషి బుర్ర అట్లా ఉంటుంది.

అందుకే ఆ ఏడాది కొత్త మొక్కులు వద్దంటాను. పాతవి ఉంటే ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి, వీలైనప్పుడు తీర్చుకోవచ్చు. ఆ టైంలో మనం ఏదైనా ఇస్తామంటాం, అది కనిపెట్టేవాళ్లు ఉంటారు. నాకు ఒకాయన పితృదోషం ఉందని చెప్పి పద్దెనిమిది వేలు తీసుకున్నాడు. నెల తిరిగేసరికి ఇంకో దోషం బయటపడింది. అది కూడా ఫోన్‌లోనే! అప్పటి నుంచి మా ఇంట్లో ఒక కట్టుబాటు: ఏ పూజకైనా ఒక్కరోజు గిర్ని సంపాదనకు మించి పెట్టం, అప్పు తెచ్చి అసలే పెట్టం. మీరూ మీ ఒక్కరోజు కూలీయో జీతమో లెక్కవేసుకుని గీత గీసుకోండి. గీత ఉంటే "వద్దు" అనడం తేలిక.

నలభై రోజులు

పోయినవాళ్ల కోసం ఏడవడం ఒక తీరు. రానిదాని కోసం ఎదురుచూడటం ఇంకో తీరు, దానికి పదకొండో రోజు ఉండదు. నా బిడ్డను చూసి నేర్చుకున్నాను. నెలనెలా ఆశ, నెలనెలా ఏడుపు, మధ్యలో దవాఖాన ఫైలు.

గుట్ట స్వామిని వైద్య నరసింహుడు అంటారు. రోగాలున్నవాళ్లు అక్కడ ఒక మండలం ఉండి ప్రదక్షిణలు చేసే ఆచారం పాతది. మండలం అంటే నలభై రోజులు, ఆ తర్వాత ఎవరింటికి వాళ్లు పోవాల్సిందే. నాకు నచ్చింది అదే, దానికొక కొస ఉంది. బిడ్డకు చెప్పాను: "నలభై రోజులు అడుగు. తర్వాత పది రోజులు అడగకు బిడ్డా." క్యాలెండర్‌లో గీతలు పెట్టుకుంటుంది. ఆ పది రోజులు ఫోన్‌లో ఇద్దరం కూరల గురించి, సీరియళ్ల గురించి మాట్లాడుకుంటాం. డాక్టర్ రాసిన గోలీలు, ఇంజక్షన్లు మాత్రం ఏ రోజూ ఆపదు. మండలానికి, మందులకు పోటీ పెట్టొద్దు. పదో రోజు కూర్చుని ఖర్చు, ఒంట్లో అలసట, అల్లుడి మాట అన్నీ చూసుకుని ఇంకోటి మొదలుపెట్టాలా వద్దా అనుకుంటాం. ఒకసారి "ఇప్పుడొద్దమ్మా" అంది. నాలుగు నెలలు ఊరుకున్నాం. ఆ నాలుగు నెలల్లో అది కాస్త ఒళ్లు చేసింది.

ఇక ఎదురుచూసేవాళ్ల ఇంటికి పోయేవాళ్లకు ఒక మాట. "ఏమన్నా విశేషమా" అని అడక్కండి. విశేషం ఉంటే వాళ్లే చెప్తారు.

దీపం పెట్టలేని రోజు

2016లో గుట్ట మీద గుడి పనులు మొదలైనప్పుడు స్వామికి బాలాలయం కట్టి దర్శనాలు అందులోనే పెట్టారు. మొదటిసారి చూసినప్పుడు మా ఆయన, "సామికి గూడ కిరాయిల్లు తప్పలే గదనే" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు పోయినా కొత్త గుడి ఎంతవరకు లేచిందో చూసి వచ్చేవాడు. 2022 మార్చి 28న నల్లరాతి గుడి తెరిచారు. ఆయన పోయి అప్పటికి పది నెలలు. ఏడాది నిండనిదే గుట్ట ఎక్కొద్దు కాబట్టి టీవీలో చూశాను. స్వామి తన ఇంట్లోకి పోయాడు. ఐదేండ్లు దానికోసం ఎదురుచూసిన మనిషి లేడు. ఆ రోజు దీపం పెట్టలేదు, గిర్ని తెరవలేదు.

మీకూ అట్లాంటి రోజు వస్తుంది. రానీయండి. రెండో రోజు పొద్దున మళ్లీ పెట్టండి, అంతే. తప్పు కాయమని రెండు దీపాలు, ఐదు దీపాలు పెట్టే పని లేదు.

ఏడాది దాటాక మొదటిసారి గుడికి పోయేటప్పుడు ఆదివారం వద్దు, ఆ తొక్కిసలాటలో ఏడవడానికి కూడా చోటుండదు. మామూలు రోజున, ఎక్కువ మాట్లాడని మనిషి ఒకరిని తోడు తీసుకుని పోండి. నేను నా చిన్నబిడ్డతో భువనగిరి మీదుగా బస్సులో పోయాను. స్వామి ముందు ఏమి అడగాలో గుర్తు రాలేదు. బయటికొచ్చి పులిహోర తిన్నాం.

పెత్రమాస

భాద్రపద అమావాస్య నాడు పొద్దున పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాం. అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున పోయినవాళ్లు, సాయంత్రం పూలు. దీన్ని ఎవరు ఇట్లా కలిపారో గానీ, నాకు మాత్రం చాలా కాలం మింగుడుపడలేదు. మొదటి ఏడు తలుపు వేసుకుని పాట విన్నాను. 2022లో సెప్టెంబర్ 25న వచ్చింది. పొద్దున బియ్యం ఇచ్చి వచ్చి పండుకున్నాను. సాయంత్రం పక్కింటి అవ్వ గునుగు పూల కట్ట తెచ్చి నా ఒడిలో పడేసింది. "నేను పొయ్యేది ఎట్లనే, కండ్లు కనపడయి. నువ్వు పేర్చియ్యి." నాలుగేండ్ల కిందే ఆపరేషన్ అయిన కండ్లు అవి. సూదిలో దారం ఎక్కిస్తుంది.

పేర్చాను. అడుగున తంగేడు, పైన గునుగు, ఆ పైన బంతి. మొగుడు పోయిన ఆడదానికి బతుకమ్మ ఎందుకు అన్న మూతివిరుపు ఒకటి రెండు కనిపించింది, చూడనట్టే ఊరుకున్నాను. మీ వీధిలో ఇట్లాంటివాళ్లు ఉంటే ఓదార్పు మాటలు పక్కన పెట్టండి. వాళ్ల చేతికి పూలియ్యండి, పిండి జల్లెడ పట్టమనండి, ఏదో ఒక పని అడగండి.

మొన్న సంక్రాంతికి ముందు సకినాల పిండి గిరాకీలో మళ్లీ పట్టా తెగింది. ఇప్పుడు నేనే మార్చుకుంటాను. పటం దించి, వెనక ఆయన తారీఖుల కింద పెన్సిల్‌తో నా తారీఖు రాసి, మేకుకు తగిలించాను. పెద్దబిడ్డ ఇంట్లోనే ఉంది, దాని లెక్కలో పదిహేడో రోజు. బయట తడి బియ్యం గిన్నెలతో ఆరుగురు నిలబడ్డారు. దీపం పెట్టి, డబ్బా అడ్డం జరిపి, స్విచ్ వేశాను.