చెన్నైలో ఇంట్లోనే కమ్మర్‌కట్టు చేసుకునే విధానం

బడి పక్కన పెట్టె అంగట్లో సీసా మూత తీసి ఇచ్చే కమ్మర్‌కట్టును చెన్నైలో పెరిగిన తెలుగువారు అంత తేలికగా మరచిపోరు. బెల్లం, కొబ్బరి కలిసిన ఆ నల్లటి ఉండను కొరకకూడదు. బుగ్గన పెట్టుకుని మెల్లగా చప్పరించాలి. ఆ గట్టిదనం రావాలంటే పాకం కుదరాలి.

ఇక్కడి కిరాణా దుకాణాల్లో పాగు వెల్లం అని అడిగితే పాకానికి పనికివచ్చే ముదురు రంగు బెల్లం ఇస్తారు. ఊరి నుంచి తెచ్చుకున్న అనకాపల్లి బెల్లమైనా మంచిదే. చిన్న ముక్క నోట్లో వేసుకుని, ఉప్పదనం తగిలితే ఆ బెల్లాన్ని పక్కన పెట్టండి.

250 గ్రాముల బెల్లానికి ఒక కప్పు పచ్చికొబ్బరి తురుము, నాలుగు యాలకుల పొడి, చిటికెడు శొంఠి, రెండు చెంచాల నెయ్యి చాలు. ముందుగా తురుమును రంగు మారకుండా సన్నని సెగ మీద తడి ఆరేవరకు వేయించాలి. ఆ తడి మిగిలితే ఎంత బాగా కుదిరిన పాకమైనా మెత్తబడుతుంది. బెల్లాన్ని పావు కప్పు నీళ్ళలో కరిగించి, ఇసుక లేకుండా వడకట్టి, అడుగు మందంగా ఉన్న మూకుడులో మరిగించాలి.

నీరు ఆవిరవుతున్నకొద్దీ పాకం వేడి పెరుగుతూ, తీగపాకం దాటి ఉండపాకానికి వస్తుంది. అరిసెలకైతే అక్కడే దించేస్తాం గాని, కమ్మర్‌కట్టుకు అది చాలదు. చల్లటి నీళ్ళున్న పళ్ళెంలో చుక్క వేసి, దాన్ని ఉండ చేసి పళ్ళానికేసి కొడితే టంగుమని మోగాలి. థర్మామీటరు ఉన్నవారు 125 నుంచి 130 డిగ్రీల సెల్సియస్ వరకు చూసుకోవచ్చు; నాకు మాత్రం ఆ మోత మీదే నమ్మకం. పరీక్షించేటప్పుడు మంట తగ్గించకపోతే, చూస్తుండగానే పాకం మాడి చేదెక్కుతుంది.

అప్పుడు కొబ్బరి, యాలకుల పొడి, శొంఠి, ఒక చెంచా నెయ్యి వేసి, మిశ్రమం మూకుడును వదిలి ముద్దయ్యేవరకు కలిపి దించాలి. చేయి ఓర్చుకోగలిగేంత వేడి మీదే, అరచేతులకు నెయ్యి రాసుకుంటూ చిన్న ఉసిరికాయంత ఉండలు చుట్టాలి. మధ్యలో గట్టిపడితే మూకుడును మళ్ళీ సన్నని సెగ మీద పెడితే సరిపోతుంది. పాకం చర్మానికి అంటుకుని కాలుస్తుంది కనుక, చుట్టే పనికి పిల్లలను పిలవకండి.

బెల్లంలోని గ్లూకోజు, ఫ్రక్టోజు గాలిలోని తేమను పీల్చుకుంటాయి కనుక, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానల్లో చేస్తే ఉండలు త్వరగా జిగురుగా మారతాయి. సంక్రాంతి తర్వాత పొడిగా ఉన్న రోజు చూసుకుని చేయండి. పూర్తిగా చల్లారాక ఒక్కొక్కదాన్ని బటర్ పేపరులో చుట్టి, బిగువైన మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టాలి. పచ్చికొబ్బరి ఉంది కనుక వారంలోపు తినేయడం మేలు.