జిప్సీ ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ఆయిల్ కారుతుంటే ఏమి చేయాలి?

ట్రాన్స్‌ఫర్ కేసు అంటే గేర్ బాక్సు నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె. వాగులు దాటి, రాళ్లదారిలో తిరిగొచ్చిన మారుతి జిప్సీ కింద మర్నాడు పొద్దున అరచేయంత మరక కనిపిస్తే చాలామంది వెంటనే సీలు (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) మార్పించేస్తారు. తొందరపడకండి. చుక్క పడిన చోటే ఆయిల్ కారుతోందని అనుకోవడానికి లేదు. బండి నడిచేటప్పుడు గాలికి అది వెనక్కి పాకుతుంది.

1. రాత్రి బండి కింద అట్టముక్క పరచండి. గేర్ ఆయిల్ చిక్కగా, గంధకం వాసనతో ఘాటుగా ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ నల్లబడి పలచగా ఉంటుంది. మజ్జిగలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు చేరాయన్నమాట. ఆయిల్ మార్చేదాకా బండి కదపకండి.

2. జిప్సీలో గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు విడివిడిగా ఉంటాయి, మధ్యలో చిన్న షాఫ్టు. దేని ఆయిల్ దానిదే. రెండింటినీ డీజిల్‌తో, బ్రష్షుతో కడిగి, తుడిచి, బాగా ఆరనివ్వండి. తర్వాత ముఖానికి రాసుకునే పౌడరు పల్చగా చల్లి పది కిలోమీటర్లు నడపండి. తెల్లటి పౌడరు మీద ఆయిల్ సన్నని గీతలా దిగుతుంది. ఆ గీత పై కొసే మీరు వెతుకుతున్న చోటు. గేర్ బాక్సు, ఇంజిన్ కలిసే చోట కింది నుంచి కారుతుంటే గేర్ బాక్సు దించాలి. ఆ పని వర్క్‌షాపుకే వదిలేయండి.

3. సీలు జోలికి వెళ్లేముందు బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే చిన్న దారి) చూడండి. నేను దీన్ని పట్టించుకోక ఒకే సీలును రెండుసార్లు మార్పించాను. బ్రీదర్ బురదతో మూసుకుపోతే, వేడెక్కిన గాలి బయటికి పోయే దారిలేక ఆయిల్‌ను సీలు అంచుల గుండా నెడుతుంది. వాగులో దిగి హఠాత్తుగా చల్లబడినప్పుడు అదే సీలు గుండా నీళ్లను లోపలికి లాగుతుంది. బ్రీదర్ విప్పి కడిగి, నోటితో ఊది చూడండి. వాగులు ఎక్కువగా దాటేవారు దానికి రబ్బరు గొట్టం తగిలించి బానెట్ కింద ఎత్తున కట్టుకోవడం మంచిది.

4. అయినా ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక సీలు దగ్గర కారుతుంటే మార్చాల్సిందే. చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. ప్రొపెల్లర్ షాఫ్టు (చక్రాల వైపు శక్తిని తీసుకెళ్లే పొడుగాటి కడ్డీ) విప్పగానే చక్రాలకు గేరుతో సంబంధం తెగుతుంది, గేరులో ఉంది కదా అనుకుంటే బండి దొర్లిపోతుంది. జాకీ మీద నిలబెట్టిన బండి కింద దూరకండి, స్టాండ్లు తప్పనిసరి.

డ్రెయిన్ ప్లగ్ (ఆయిల్ దించే బిరడా) కంటే ముందు ఫిల్లర్ ప్లగ్ (ఆయిల్ పోసే బిరడా) వదులు చేయండి. అది తుప్పుపట్టి రాకపోతే, ఆయిల్ అంతా తీసేశాక మళ్లీ నింపే దారే ఉండదు. షాఫ్టు విప్పేముందు రెండు ఫ్లాంజ్‌ల (షాఫ్టును, ట్రాన్స్‌ఫర్ కేసును కలిపి బోల్టులతో బిగించే పళ్లెంలాంటి భాగాలు) మీద ఒకే గీత గీయండి. తిరిగి అదే చోట బిగిస్తే బ్యాలెన్స్ చెడదు.

ట్రాన్స్‌ఫర్ కేసు వైపు ఫ్లాంజ్‌ను, పాత సీలును తీశాక ఫ్లాంజ్ మీద సీలు ఆనే చోట గోరు జరిపి చూడండి. గోరు తట్టుకుంటే అక్కడ గాడి పడింది. కొత్త సీలు కూడా నిలవదు, ఫ్లాంజ్ కూడా మార్చాలి. కొత్త సీలు పెదవికి (లోపలి అంచుకు) ఆయిల్ రాసి, స్ప్రింగు వైపు లోపలికి ఉంచి, అంతే వెడల్పున్న పైపు ముక్క పెట్టి చుట్టూ సమంగా తట్టండి.

5. బండి చదునైన నేల మీద ఉండగా, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిల్‌నే ఫిల్లర్ రంధ్రం అంచు తాకేదాకా పోయండి. ప్లగ్గులకు కొత్త వాషర్లు వేసి బిగించండి. మళ్లీ పౌడరు చల్లి, యాభై కిలోమీటర్లు తిరిగొచ్చి టార్చి వేసి చూడండి.