గోడమూలే మొదటి కుర్చీ

మైపాడు వైపు ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్నాను. ఒక పొద్దున నాలుగేళ్ల బాబును చంకనేసుకుని వాళ్లమ్మ వచ్చింది. బాబుకు సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒళ్లు అదుపులో ఉండని స్థితి. "సదరం సర్టిఫికెట్ ఇంకా రాలేదు టీచరమ్మా, చేర్చుకుంటారా?" అని గుమ్మం బయటే నిలబడి అడిగింది. సదరం అంటే వైకల్యం ఉందని సర్కారు ఇచ్చే కాగితం. మీ దగ్గరికి ఇలా ఎవరొచ్చినా ఆ రోజే పేరు రాసుకోండి. సర్టిఫికెట్ పింఛనుకు కావాలి గానీ, తోటి పిలకాయల్తో కూర్చోడానికి అక్కర్లేదు.

కూర్చోబెట్టడం దగ్గరే నేను చాలా రోజులు తప్పు చేశాను. పడిపోతాడన్న టెన్షన్‌తో చాప మీద పడుకోబెట్టేదాన్ని. పడుకున్న బిడ్డకు కనిపించేది ఫ్యాను ఒక్కటే కదా! మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం టీచరు వచ్చి గోడమూల చూపించింది. రెండు గోడలు కలిసేచోట వీపు ఆనించి, అటూ ఇటూ చుట్టిన దుప్పట్లు పెట్టి, ముందు ఒక పీట వేయండి. ఒళ్లు నిలబడితే చేతులకు ఆట దొరుకుతుంది. ఒకే తీరున అరగంట దాటి ఉంచొద్దు. ఏ బిడ్డకు ఏ తీరు కుదురుతుందో ఫిజియోథెరపిస్టును అడగండి. ఇంకో మాట. మిగతా పిల్లలంతా గది మధ్యలో ఉండి వాడొక్కడే మూలన ఉంటే, వాణ్ని వేరుపెట్టినట్టే. పాటైనా కథైనా అందర్నీ ఆ మూల చుట్టూ కూర్చోబెట్టండి.

అన్నం పడుకోబెట్టి పెట్టొద్దు, తల వెనక్కి వాల్చొద్దు, పొరబోతుంది. చెంచా కాడకు పాత సైకిల్ ట్యూబు ముక్క చుడితే లావై పట్టు దొరుకుతుంది. సగం ఒలికినా సరే, మొదటి నాలుగు ముద్దలు వాణ్నే తిననివ్వండి. అంగన్‌వాడీ ఆయమ్మకు పని ఎక్కువే, తెలుసు. అయినా ఆ కాసేపు ఆగమనండి.

మాట రాని బిడ్డను "ఏం కావాలి?" అని అడిగితే ఏం చెప్తాడు? ఒక చేత్తో బంతి, ఒక చేత్తో బొమ్మ చూపించి, మనసులో పది లెక్కపెట్టండి. చూపుతో చెప్తాడు. నాకన్నా ముందే పక్కనున్న పిల్ల కనిపెట్టింది: "బంతినే చూస్తా ఉండాడు టీచర్!"

పిలిస్తే తిరుగుతున్నాడా, ఫిట్స్ ఎప్పుడొచ్చాయి, ఎంతసేపు ఉన్నాయి, ఇవన్నీ తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ఆర్‌బీఎస్‌కే పథకం 2013లో మొదలైంది. దాని ప్రకారం డాక్టర్లు అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు చూడాలి. వాళ్లు వచ్చినప్పుడు ఆ పుస్తకం చేతికివ్వండి. మాట రాని ప్రతి బిడ్డకూ చెవి పరీక్ష రాయమని గట్టిగా అడగండి.

"మా వాడికి అంటుకుంటుందా?" అని ఒకరిద్దరు తల్లులు భయపడ్డారు. ఇది అంటుకునేది కాదని ఒకసారి చెప్పి, ఆటల టైముకు వచ్చి చూడమన్నాను. వచ్చారు, చూశారు. మళ్లీ అడగలేదు.

నవంబరు వానలకు మా గోడ చెమ్మ పట్టింది. బియ్యం మూటలు నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి వేసి కొత్త మూల కట్టాం. పిలకాయలు తమ చాపలు తామే అక్కడికి లాక్కొచ్చుకున్నారు.