మున్సిపల్ భవనాల బాయిలర్లు, కూలింగ్ టవర్లకు నీటి శుద్ధి కాంట్రాక్టు – 4వ పాఠం: పని పరిధి రాయడం

ముందు గత పాఠంలో ఇచ్చిన లెక్క తేల్చేద్దాం. టవర్‌లోకి కొత్తగా వచ్చే మేకప్ నీటి కండక్టివిటీ (కరిగిన ఉప్పులు ఎంతున్నాయో సూచించే అంకె) 400, టవర్‌లో తిరిగే నీటిది 1,200. గంటకు 1,000 లీటర్లు ఆవిరైపోతోంది. ఉప్పులు మరీ చిక్కబడకుండా బయటికి వదిలేయాల్సిన నీరు, అంటే బ్లోడౌన్, ఎంత అని అడిగాను.

1,200ను 400తో భాగిస్తే 3 సైకిళ్లు, అంటే ఉప్పులు మేకప్ నీటికంటే మూడు రెట్లు చిక్కబడ్డాయి. ఆవిరైన నీటిని సైకిళ్ల కంటే ఒకటి తక్కువ సంఖ్యతో, అంటే 2తో, భాగించాలి. జవాబు గంటకు 500 లీటర్లు. మీకు 333 వచ్చిందంటే ఆ ఒకటి తీసేయడం మరిచిపోయారన్నమాట. అందరూ ఒకసారైనా చేసే తప్పే ఇది.

అదే లెక్క 6 సైకిళ్లకు వేస్తే బ్లోడౌన్ 200 లీటర్లు, 9 సైకిళ్లకు 125 లీటర్లు. అంటే 3 నుంచి 6కు వెళ్తే గంటకు 300 లీటర్లు మిగులుతాయి. 6 నుంచి 9కి వెళ్తే మిగిలేది 75 మాత్రమే. నీళ్లలో ఉప్పులు మాత్రం ఒకటిన్నర రెట్లు చిక్కబడతాయి, గార (ఉప్పులు గట్టిపడి కట్టే పొర) పట్టే ముప్పూ పెరుగుతుంది. "మేం 9 సైకిళ్లు నడుపుతాం సార్" అని ఎవరైనా గొప్పగా చెబితే ఈ 75 లీటర్లు గుర్తుపెట్టుకోండి.

ఇక ఈరోజు పాఠం. నీళ్లను ఎలా చూసుకోవాలో మూడు పాఠాల్లో నేర్చుకున్నాం. ఆ పనిని బయటివాళ్లకు అప్పగించేటప్పుడు కాగితం మీద ఏం రాయాలన్నది ఇప్పుడు చూద్దాం. ఈ పాఠం నాకు నేర్పింది పుస్తకాలు కాదు, ఒక ఉప్పు తొట్టి.

నేను చూసుకున్న ఒక భవనంలో ఆవిరి బాయిలర్‌కు నీటి శుద్ధి కాంట్రాక్టు ఇచ్చాం. నెలనెలా రిపోర్టు వచ్చేది, ప్రతి రిపోర్టులోనూ అన్నీ బాగున్నాయనే ఉండేది. వార్షిక తనిఖీకి బాయిలర్ తెరిస్తే ట్యూబుల మీద కోడిగుడ్డు పెంకు మందాన గార. కారణం వెతికితే, నీటి కఠినత్వం తీసేసే సాఫ్ట్‌నర్ పక్కనున్న ఉప్పు తొట్టి ఖాళీ. ఎన్నాళ్లుగా ఖాళీగా ఉందో ఎవరికీ తెలియదు. ఉప్పు లేకపోతే సాఫ్ట్‌నర్ రీజెనరేట్ కాదు (మళ్లీ పనికి సిద్ధం కాదు), కఠిన జలం నేరుగా బాయిలర్‌లోకి పోతుంది. "మా కాంట్రాక్టు రసాయనాల వరకే, ఉప్పు వేయడం మీ పని" అన్నాడు కాంట్రాక్టర్. "నీళ్ల సంగతి మొత్తం కాంట్రాక్టర్‌కే ఇచ్చారు కదా" అన్నాడు మా ఆపరేటర్. కాంట్రాక్టు పత్రం తీసి చూస్తే ఇద్దరి మాటా నిజమే. ఉప్పు గురించి ఒక్క ముక్క లేదు. పత్రం రాసింది నేనే.

అందుకే పని పరిధిని యంత్రాల జాబితాతో మొదలుపెట్టండి, కానీ అక్కడితో ఆగిపోకండి. నీళ్లు మీ భవనంలోకి వచ్చే పైపు దగ్గర నిలబడి, అవి డ్రైనేజీలోకి పోయేదాకా వాటి వెంట నడవండి. దారిలో కనిపించే ప్రతిదానికీ పక్కన ఒక పేరు రాయండి. మేకప్ మీటరు రీడింగు రోజూ ఎవరు రాస్తారు? సాఫ్ట్‌నర్‌లో ఉప్పు ఎవరు కొంటారు, ఎవరు వేస్తారు? రసాయనాలు కొలిచి వేసే డోసింగ్ పంపు చెడితే ఎవరు బాగుచేస్తారు? కండక్టివిటీ ప్రోబ్ ఎవరు తుడుస్తారు? టవర్ బేసిన్‌లో బురద ఏడాదికి ఎన్నిసార్లు, ఎవరు తీస్తారు? ఖాళీ డ్రమ్ములు ఎవరు తీసుకెళ్తారు? చిల్లర ప్రశ్నల్లా కనిపిస్తాయి. గొడవలన్నీ పుట్టేది మాత్రం ఇక్కడే.

ఈ నడకలో మూసి ఉన్న లూపులను మరిచిపోవద్దు. వేడినీటి బాయిలర్, చల్లటి నీటి లూపు అదే నీటిని మళ్లీ మళ్లీ తిప్పుతాయి. లీకు లేకపోతే వాటికి కొత్త నీరు దాదాపు అక్కర్లేదు. ఒకసారి నైట్రైట్‌లాంటి తుప్పు నిరోధకం సరైన మోతాదులో వేసి అప్పుడప్పుడూ పరీక్షిస్తే చాలు. వీటికి ఆవిరి బాయిలర్‌తో సమానంగా ప్రతి నెలా డ్రమ్ములు బిల్లవుతుంటే రెండే కారణాలు: లూపు కారుతోంది, లేదా మీ చేతిలోంచి డబ్బు కారుతోంది. లూపు మేకప్ పైపుకు ఒక చిన్న మీటరు పెట్టిస్తే ఏదో తేలిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. డబ్బు దేనికి ఇవ్వాలి?

కిలోల లెక్కన ఇస్తే ఎక్కువ రసాయనం పోసినవాడికే లాభం. నెలకు ఇంతని గుండుగుత్తగా ఇస్తే తక్కువ పోసినవాడికి లాభం. నేను రెండూ చేసి చూశాను. మొదటిదాంట్లో స్టోర్ రూమ్ నిండా డ్రమ్ములు పేరుకున్నాయి, రెండోదాంట్లో డోసింగ్ ట్యాంకు తరచూ అడుగంటేది. గుండుగుత్తే మేలని నా అభిప్రాయం, కానీ ఒక షరతు మీద. నీటి అంకెలు, లోహం పరిస్థితి ఎలా ఉండాలో పత్రంలో రాసి ఉండాలి, అవి తప్పితే నెల బిల్లులో కోత పడాలి. అప్పుడు తక్కువ పోసి మిగుల్చుకునే వీలు ఉండదు.

ఆ అంకెలు యంత్రాన్ని బట్టి మారతాయి. మీ బాయిలర్ తయారీదారు ఇచ్చిన పరిమితులే అన్నిటికన్నా ముందు. తక్కువ పీడనంలో నడిచే ఆవిరి బాయిలర్‌కు సాఫ్ట్‌నర్ దాటిన నీటిలో కఠినత్వం దాదాపు సున్నా ఉండాలి. నీటిలోని ఆక్సిజన్‌ను పీల్చేసే సల్ఫైట్ బాయిలర్ నీటిలో 30 నుంచి 60 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) దాకా మిగిలి ఉండాలని రాయడం మామూలే. ఒక పీపీఎం ఆక్సిజన్‌ను తీసేయడానికి సుమారు 8 పీపీఎం సోడియం సల్ఫైట్ ఖర్చవుతుంది. బాయిలర్‌కు నీరందించే ఫీడ్ ట్యాంకును వేడిగా ఉంచితే అందులో కరిగే ఆక్సిజనే తగ్గి, సల్ఫైట్ ఖర్చు కూడా తగ్గుతుంది. కాబట్టి ఫీడ్ ట్యాంకు ఉష్ణోగ్రతను కూడా లాగ్‌బుక్‌లో రాయించండి. అది మీ ఆపరేటర్ బాధ్యత, కాంట్రాక్టర్‌ది కాదు.

ఆవిరి చల్లబడి నీరై తిరిగొచ్చే కండెన్సేట్ సంగతి చాలామంది వదిలేస్తారు. ఆవిరితోపాటు వెళ్లిన కార్బన్ డయాక్సైడ్ కండెన్సేట్‌లో కరిగి ఆమ్లంగా మారి పైపులను లోపల్నుంచి తినేస్తుంది. దాన్ని అడ్డుకోవడానికి అమీన్లనే రసాయనాలు వాడతారు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. గాలిలో తేమ పెంచడానికి ఆవిరిని నేరుగా గదుల్లోకి వదిలే భవనమైతే ఆ అమీన్లు మనుషుల ఊపిరితిత్తుల్లోకే పోతాయి. అలాంటి భవనముంటే ఆ విషయం పత్రంలో స్పష్టంగా రాసి, ఏ రసాయనం వాడబోతున్నారో ముందే ఆమోదం తీసుకోవాలని షరతు పెట్టండి.

కూలింగ్ టవర్‌కు నేను బాగా నమ్మే పరీక్ష ఒకటుంది. సైకిళ్లను కండక్టివిటీతో ఒకసారి, కాల్షియంతో ఇంకోసారి లెక్కకట్టండి. రెండూ దాదాపు ఒకటే రావాలి. మన లెక్కలోని టవర్‌నే తీసుకుందాం. కండక్టివిటీ ప్రకారం 3 సైకిళ్లు. మేకప్‌లో కాల్షియం 80, టవర్ నీటిలో 170 ఉందనుకోండి. కాల్షియం సైకిళ్లు 2.1. మూడు రెట్లు కావలసిన కాల్షియం రెండు రెట్ల దగ్గరే ఆగిపోయింది. మిగతాది ఎక్కడికి పోయినట్టు? చాలావరకు కండెన్సర్ ట్యూబుల్లోనో, టవర్‌లో నీరు జారే ఫిల్ పలకల మీదో కూర్చుంది. చేతిలో రెండు సీసాల నీళ్లుంటే యంత్రం విప్పకుండానే దాని లోపల ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. ఈ పోలిక ప్రతి నెలా రిపోర్టులో ఉండాలని రాయండి.

తుప్పుకు కూపన్లున్నాయి. తూకం వేసిన చిన్న లోహపు పట్టీని పారే నీటిలో సుమారు 90 రోజులు ఉంచి, తీసి, శుభ్రం చేసి, మళ్లీ తూస్తారు. తగ్గిన బరువును బట్టి ఏడాదికి ఎంత మందం అరుగుతుందో మిల్స్‌లో చెబుతారు. ఒక మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. టవర్ నీటిలో మామూలు ఉక్కుకు ఏడాదికి 3 మిల్స్ లోపు, రాగికి 0.2 లోపు అని షరతు పెట్టడం వాడుకలో ఉంది.

అయితే పరీక్ష రాసేవాడే పేపరు దిద్దుకుంటే ఎలా? కాంట్రాక్టర్ తన పరీక్షలు తాను చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. మూడు నెలలకొకసారి మాత్రం మీ మనిషి సీసాలో నమూనా పట్టి, మీరే డబ్బు కట్టి, వేరే ల్యాబ్‌కు పంపాలి. కూపన్లను ర్యాక్‌లో పెట్టేటప్పుడు, తీసేటప్పుడు మీ ఆపరేటర్ పక్కనుండి సంతకం పెట్టాలి. లాగ్‌బుక్‌లో ముప్పై రోజులూ ఒకటే అంకె కనిపిస్తే నీళ్లు అంత బాగున్నాయని మురిసిపోకండి. ఆ అంకె కుర్చీలో కూర్చుని రాసింది.

సూక్ష్మజీవుల విషయంలో కాస్త ఎక్కువసేపు ఆగాలి. గార పడితే కరెంటు ఖర్చు, తుప్పు పడితే ట్యూబులు. న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరిగితే మనుషులు పోతారు. 2015 వేసవిలో న్యూయార్క్‌లోని సౌత్ బ్రాంక్స్‌లో ఒక కూలింగ్ టవర్ నుంచి వ్యాపించిన ఈ బ్యాక్టీరియా వల్ల 138 మంది జబ్బుపడ్డారు, 16 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది ఆ భవనం గడప కూడా తొక్కనివాళ్లు. టవర్ నుంచి గాలితోపాటు ఎగిరిపోయే సన్నటి తుంపరలే దాన్ని మోసుకెళ్తాయి. ఆ నగరం అదే ఏడాది ప్రతి టవర్‌నూ నమోదు చేయాలని చట్టం తెచ్చింది. భవనాల్లో లెజియోనెల్లా నివారణకు అమెరికాలోని ఏసీ ఇంజనీర్ల సంస్థ ఆష్రే 188వ ప్రమాణం వెలువడిందీ ఆ ఏడాదే.

ఈ బ్యాక్టీరియా సుమారు 20 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య పెరుగుతుంది. టవర్ నీళ్లు చాలాకాలం ఉండేదీ ఆ వేడిలోనే. డిప్‌స్లైడ్ (పట్టీని నీటిలో ముంచి చేసే) పరీక్షలో మామూలు బ్యాక్టీరియా తక్కువగా వచ్చింది కదా అని లెజియోనెల్లా లేదనుకోకూడదు. దానికి ప్రత్యేక ల్యాబ్ పరీక్ష కావాలి. ఎన్నాళ్లకొకసారి చేయాలి, ఫలితం ఏ స్థాయి దాటితే ఎన్ని గంటల్లో ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది పత్రానికి అనుబంధంగా ఉండాలి. భవన యజమానిగా మీ బాధ్యతను కాంట్రాక్టర్‌కు అమ్మేయలేరని కూడా తెలుసుకోండి. పని అప్పగించవచ్చు, జవాబుదారీ మాత్రం మీదే.

ఇక్కడే ఒక చిన్న సాంకేతిక షరతు. సూక్ష్మజీవులను చంపే బయోసైడ్ వేసిన వెంటనే బ్లోడౌన్ వాల్వ్ తెరుచుకుంటే మందు పని చేయకముందే డ్రైనేజీ పాలవుతుంది. డోసు పడ్డాక నిర్ణీత సమయం వాల్వ్ మూసే ఉండేలా కంట్రోలర్‌ను అమర్చాలని రాయండి. అలాగే సెలవుల్లో టవర్ ఆగి నీళ్లు కదలకుండా ఉంటే, మళ్లీ నడిపే ముందు ఏం చేయాలో కూడా.

ధరలు పోల్చడం గురించి రెండు మాటలు, వివరం వచ్చే పాఠంలో. ఫలానా బ్రాండ్ కావాలని టెండర్‌లో రాయకండి. ప్రతి బిడ్డర్‌నూ మూడు విషయాలు అడగండి: డ్రమ్ములో అసలు మందు ఎంత శాతం, ఏడాదికి ఎంత పడుతుంది, ఎన్ని సైకిళ్లకు హామీ ఇస్తారు. చవక డ్రమ్ము అంటే చాలాసార్లు నీళ్లు కలిపిన డ్రమ్మే. రసాయనాల ఖర్చుకు మేకప్ నీటి ఖర్చు, మురుగునీటి చార్జీ కలిపి చూస్తే మొదటి స్థానంలో ఉన్నవాడు మూడో స్థానానికి జారిపోవడం చూశాను.

బిడ్డర్లు యంత్రాలు చూడకుండా ధర వేయకూడదు, కాబట్టి సైటు సందర్శన తప్పనిసరి చేయండి. కాంట్రాక్టు మొదలైన మొదటి నెలలో ఇద్దరూ కలిసి బాయిలర్, కండెన్సర్ తెరిచి ఫొటోలు తీసి సంతకాలు పెట్టుకోవాలి. లేకపోతే ఏడాది తర్వాత కనిపించిన ప్రతి మరకా పాత కాంట్రాక్టర్ ఖాతాలోకే పోతుంది. కాంట్రాక్టు కాలంలో కొత్తగా గార పడితే దాన్ని తొలగించే ఖర్చు ఎవరిదో కూడా అక్కడే తేల్చేయండి. కంట్రోలర్, పంపులు ఉచితంగా పెడతామంటే కాంట్రాక్టు ముగిశాక అవి ఎవరివని అడగండి. వాటిని విప్పుకుపోతారన్న భయంతోనే ఏళ్ల తరబడి ఒకరికే రెన్యువల్ చేస్తూ పోయే ఆఫీసులున్నాయి.

ఈ వారం అభ్యాసం. మీ భవనంలో ఒక్క సిస్టమ్ ఎంచుకోండి. నీటి పైపు నుంచి డ్రైనేజీ దాకా నడిచి, కనిపించిన ప్రతి వస్తువు పక్కన "మేము" అనో "కాంట్రాక్టర్" అనో రాయండి. ఇప్పుడున్న కాంట్రాక్టు పత్రం తీసి దాంతో పోల్చండి. పత్రంలో జవాబు దొరకని వస్తువులను ఎర్ర సిరాతో గుర్తుపెట్టండి. ఆ కాగితం దాచుకోండి, 5వ పాఠంలో బిడ్లు పోల్చడం దానితోనే మొదలవుతుంది.