చెంబులో ఐసు వేసి ఎంట్రోపీ లెక్క కడదాం

ఇంటర్ ఫస్టియర్ పిల్లలకు ఉష్ణగతిక శాస్త్రం మొదలుపెట్టే రోజు నేను క్లాసుకి ఒక స్టీలు చెంబు, ఫ్లాస్కులో ఐసు ముక్కలు, ల్యాబ్ థర్మామీటరు పట్టుకెళ్తాను. ఎంట్రోపీ అంటే "క్రమరాహిత్యం" అని నోట్సులో రాసుకుని ఊరుకుంటే లెక్క దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడదు. నేను పిల్లల్ని అడిగేది ఒక్కటే: ఎంత వేడి, ఏ ఉష్ణోగ్రత దగ్గర చేతులు మారింది?

చెంబులో 35 డిగ్రీల నీళ్లు 200 గ్రాములు. అందులో 0 డిగ్రీల ఐసు 50 గ్రాములు వేశాం. బోర్డు మీద నిలువు గీత గీసి ఒకవైపు "ఇచ్చింది", రెండోవైపు "పుచ్చుకుంది" అని రాయిస్తాను.

ముందు ఐసంతా కరుగుతుందో లేదో తేల్చుకోవాలి. గ్రాము ఐసు కరగడానికి 334 జౌల్స్ కావాలి, అంటే 50 గ్రాములకు 16,700. నీటి విశిష్టోష్ణం గ్రాముకు, డిగ్రీకి 4.18 జౌల్స్. కాబట్టి మన నీళ్లు సున్నా దాకా చల్లబడితే 200 × 4.18 × 35 = 29,260 జౌల్స్ ఇవ్వగలవు. ఐసు కరగ్గా ఇంకా 12,560 మిగులుతుంది. ఆ మిగులుతో మొత్తం 250 గ్రాముల నీళ్లూ సున్నా నుంచి పైకి లేస్తాయి: 12,560 ÷ (250 × 4.18) = 12 డిగ్రీలు.

మా థర్మామీటరు మాత్రం 13 చూపించింది. "మేడమ్, చెంబు కూడా వేడిగానే ఉంది కదా, అదీ ఇచ్చింది" అని వెనక బెంచీ అమ్మాయి చెప్పినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో. ఇచ్చేవాళ్ల లిస్టులో చెంబుని మేమే రాయలేదు.

ఇప్పుడు ఎంట్రోపీ. దాని మార్పు అంటే చేతులు మారిన వేడిని కెల్విన్ ఉష్ణోగ్రతతో (సెల్సియస్‌కి 273 కలిపితే కెల్విన్) భాగిస్తే వచ్చేది. ఐసు కరుగుతున్నంతసేపూ ఉష్ణోగ్రత మారదు కాబట్టి నేరుగా భాగించడమే: 16,700 ÷ 273 = 61.2 జౌల్స్ పర్ కెల్విన్. నీళ్ల ఉష్ణోగ్రత మాత్రం మారుతూ పోతుంది, అక్కడ భాగహారం కుదరదు. ద్రవ్యరాశి × విశిష్టోష్ణం × 2.303 × లాగ్ (చివరి ఉష్ణోగ్రత ÷ మొదటి ఉష్ణోగ్రత) వాడాలి. ఐసు కరిగి వచ్చిన నీళ్లు 273 నుంచి 285 కెల్విన్‌కి వెళ్లాయి: 50 × 4.18 × 2.303 × లాగ్ (285 ÷ 273) = 9.0. వేడి నీళ్లు 308 నుంచి 285కి దిగాయి: 200 × 4.18 × 2.303 × లాగ్ (285 ÷ 308) = −64.9. మూడూ కలిపితే +5.3.

ఈ 5.3 దగ్గర కాసేపు ఆగండి. ఇచ్చిన వేడీ పుచ్చుకున్న వేడీ సమానమే, అయినా ఎంట్రోపీ పెరిగింది. వేడి దిగింది ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర, చేరింది తక్కువ ఉష్ణోగ్రత దగ్గర. అవే జౌల్స్‌ని చిన్న సంఖ్యతో భాగిస్తే పెద్ద జవాబు వస్తుంది. ఐసు తనంతట తాను కరగడం వెనకున్నది ఈ తేడానే.

సెల్సియస్‌లో లాగ్ వేసే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. 12 ÷ 0 దగ్గర ఇరుక్కుపోయి టెన్షన్ పడతారు. పేజీ పైనే ఉష్ణోగ్రతలన్నీ కెల్విన్‌లో రాసిపెట్టుకోండి.

రసాయన చర్యల లెక్కలు ఇంతకంటే తేలిక: ఉత్పన్నాల ఎంట్రోపీల మొత్తంలోంచి క్రియాజనకాల ఎంట్రోపీల మొత్తం తీసేయాలి. పట్టికలో మోల్‌కి ద్రవ నీటికి 69.9, హైడ్రోజన్‌కి 130.7, ఆక్సిజన్‌కి 205.1 ఉంటాయి. 298 కెల్విన్ దగ్గర ఒక మోల్ ద్రవ నీరు తయారైతే 69.9 − (130.7 + 205.1లో సగం) = సుమారు −163 జౌల్స్ పర్ కెల్విన్. మూలకాల సంఘటన ఎంథాల్పీ (మూలకాల నుంచి పదార్థం తయారయ్యేటప్పుడు వేడిలో వచ్చే మార్పు) సున్నా కదా అని హైడ్రోజన్, ఆక్సిజన్ ఎంట్రోపీలకు కూడా సున్నా వేయకండి. ద్రవ నీటి సంఘటన ఎంథాల్పీ −285.8 అని ఇచ్చేది కిలోజౌల్స్‌లో, ఎంట్రోపీ ఇచ్చేది జౌల్స్‌లో. పరిసరాలకు పోయిన వేడిని జౌల్స్‌లోకి మార్చి భాగిస్తే 2,85,800 ÷ 298 = +959. నీటి దగ్గర తగ్గిన 163ని పరిసరాలు దండిగా పూడ్చేశాయి.

మీ వంతుగా ఇదే చెంబు లెక్కని 100 గ్రాముల ఐసుతో చేయండి. మొదటి మెట్టులోనే దారి మారుతుంది: కావలసింది 33,400, ఉన్నది 29,260. 87.6 గ్రాములే కరిగి, చెంబు సున్నా దగ్గర ఆగిపోతుంది. ఎంట్రోపీ మార్పు +6.3 వస్తే మీ లెక్క సరిగ్గా ఉన్నట్టే.