కెమెరా సంచిలో ఖాళీ జీన్స్ కాలు

దక్షిణాఫ్రికాకు పక్షులు చూడటానికి వెళ్లేవారికి విమానంలో సామాను బరువే పెద్ద తలనొప్పి. పొడవాటి లెన్స్‌కు తోడు ట్రైపాడ్ మోయాలి. మోసినా కారులో దాన్ని నిలబెట్టే చోటు ఉండదు.

దానికి బదులు లెన్స్ ఆనించే దిండు ఒకటి చేసుకోవచ్చు. పాత జీన్స్ కాలు ఒక అడుగు పొడవున కత్తిరించి, ఒక చివర గట్టిగా కుట్టేయండి. ఖాళీగానే తీసుకెళ్లండి. అక్కడ దిగాక ఏ కిరాణా దుకాణంలోనైనా రెండు కిలోల బియ్యం కొని, ప్లాస్టిక్ సంచితో సహా అందులో పెట్టి, రెండో చివర తాడుతో కట్టండి. బిగుతుగా నింపొద్దు, ముప్పావు వంతు చాలు, అప్పుడే లెన్స్ కుదురుగా కూర్చుంటుంది. సగం దించిన కిటికీ అద్దం మీద ఇటూ అటూ వేలాడేలా వేసి, డ్రైవరును ఇంజను ఆపమనండి. నడుస్తుంటే ఆ అదురుకు ఫొటో చెదిరిపోతుంది. వాకర్‌స్ట్రూమ్ గడ్డి మైదానాల్లో భరతపక్షులకైనా, క్రూగర్ జాతీయ పార్కు పొదల్లో మన పాలపిట్ట బంధువు లైలాక్ బ్రెస్టెడ్ రోలర్‌కైనా ఇది సరిపోతుంది. తిరుగు ప్రయాణానికి ముందు బియ్యం వండుకోవచ్చు. ఆవకాయ ఉంటే ఇంకేం కావాలి!

గైడ్లు తిప్పే కిటికీల్లేని జీపుల్లో మాత్రం ఇది పనికిరాదు. సన్నటి కమ్మీ మీద జారిపోతుంది. అక్కడ ఒంటికాలి స్టాండు, అంటే మోనోపాడే నయం.