రేడియేటర్ ఫ్యాన్‌కు విడి స్విచ్ పెట్టే ముందు

కారు రేడియేటర్ ఫ్యాన్ తనంతట తనే తిరగట్లేదని డ్యాష్‌బోర్డు మీద విడి స్విచ్ పెట్టాలనుకుంటే, అసలు ఎందుకు తిరగట్లేదో ముందు చూడండి. చాలాసార్లు ఫ్యూజు పోయుంటుంది, లేదా థర్మో స్విచ్ (ఇంజన్ వేడెక్కగానే ఫ్యాన్‌ను ఆన్ చేసేది) పాడై ఉంటుంది. అలాంటప్పుడు అది మారిస్తే చాలు.

ఇంజన్ చల్లారాకే పని మొదలుపెట్టండి. కొన్ని కార్లలో తాళం తీసేసినా ఫ్యాన్ తనంతట తనే తిరుగుతుంది. అందుకే వేళ్లు పెట్టకముందే బ్యాటరీ మైనస్ టెర్మినల్ ఊడదీయాలి.

అసలు జాగ్రత్త రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) దగ్గర. చాలా ఫ్యాన్లు 10 ఆంపియర్లు, ఆపైనే లాగుతాయి. తిరగడం మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. ఆ కరెంటంతా డ్యాష్‌బోర్డు స్విచ్ గుండా పోతే స్విచ్ కరుగుతుంది. 12 వోల్టుల, 40 ఆంపియర్ల రిలే వాడండి. రిలే మీద 30 నంబరు పిన్నుకు బ్యాటరీ ప్లస్, 87కి ఫ్యాన్. స్విచ్ మాత్రం రిలేను పనిచేయించే కాయిల్ పిన్నులు 85, 86 వైపే ఉండాలి. కాయిల్‌కు సప్లై ఇగ్నిషన్ లైను నుంచి తీసుకుంటే, స్విచ్ ఆపడం మరిచినా బ్యాటరీ డౌన్ కాదు.

ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే. వైరు మందం ఫ్యూజు రేటింగ్‌కు తగ్గట్టు ఉండాలి.

రేకులోంచి వైరు దూర్చేచోట రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచు వైరును కోయకుండా ఆపే రింగు) తప్పనిసరి. టేపు చుట్టేస్తే చాలనే మెకానిక్ మాట వినకండి.

పాత థర్మో స్విచ్‌ను పీకేయొద్దు, కొత్త విడి స్విచ్ దానికి తోడు మాత్రమే. ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఫ్యాన్‌ను నడిపే కార్లలో ఈ పని పెట్టుకోకపోవడమే మేలు.